జామకట్టెల పొగ

చాలా నెలల తరువాత ఈ పుట తెరుస్తున్నాను. ఉద్యోగ విరమణ చేసినవాడికి తీరికకు కొదవేమిటని మిత్రులు అనుకుంటారు గానీ, తీరిక పెరిగినకొద్దీ రాత తగ్గడం నా అనుభవం. ఈసారి మాత్రం రాస్తే తప్ప మనసు కుదుటపడని విషయం ఒకటి తటస్థించింది. ఇంట్లోనే మాంసానికి కట్టెల పొగ పట్టించాలనే సరదాలో నేను పడ్డ పాట్లు, దానివల్ల ఆలస్యంగా తెలిసివచ్చిన ఒక సంగతి చెప్పుకుంటాను. శాకాహారులైన మిత్రులు మన్నించాలి. ఈ ముచ్చటలో మాంసం పాలు కొంచెమే, పొగ పాలు ఎక్కువ. కనుక వారు కూడా చివరిదాకా చదవగలరనే నా ఆశ.

దీనికంతటికీ మూలం మా చెల్లెలి కొడుకు. వాడు టెక్సాస్‌లో, డాలస్‌కు దగ్గరలో ఉంటాడు. అక్కడ పెరట్లో మాంసాన్ని పొగబెట్టుకునే యంత్రం పెట్టుకున్నాడు. గుళికలతో నడిచే రకం అది. రంపపు పొట్టును గట్టిగా అదిమి పెన్సిలు మందాన గుళికలు చేస్తారు. అదిమేటప్పుడు పుట్టే వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి తానే జిగురుగా పనిచేస్తుంది. ఆ గుళికలను ఒక మర కొద్దికొద్దిగా నిప్పుగూటిలోకి తోస్తుంది, చిన్న పంకా గాలి ఊదుతుంది, వేడి హెచ్చుతగ్గులు చూసుకునే పని ఎలక్ట్రానిక్ పరికరం చేసిపెడుతుంది. మనిషి చేయవలసింది మీట నొక్కి నిద్రపోవడమే. తెల్లవారేసరికి రాత్రంతా పొగ మేసిన మాంసం సిద్ధంగా ఉంటుంది.

పెల్లెట్ అనే మాట వినగానే విశాఖవాసికి స్ఫురించేది వేరు. బైలదిల్లా కొండల నుంచి 267 కిలోమీటర్ల గొట్టంలో నీళ్ళతో కలిసి పారివచ్చే ఇనుప ఖనిజపు పొడిని ఇక్కడ గుళికలుగా చుట్టి, కాల్చి, ఉక్కు కొలుముల కోసం పంపుతారు. "మావయ్యా, పెల్లెట్లు అయిపోయాయి, రెండు బస్తాలు కొనుక్కురావాలి" అని వాడు ఫోనులో అన్నప్పుడు, వీడు ఇంటి దగ్గర ఇనుము కరిగిస్తున్నాడా ఏమిటి అని ఒక క్షణం విస్తుపోయాను.

వాడు సెలవులకు వచ్చినప్పుడు నాకొక సంచి తెచ్చాడు. యంత్రాన్ని విమానంలో మోసుకురాలేడు గదా, చెక్కముక్కలు తెచ్చాడు. సంచి మీద 'మెస్కీట్' అని ఉంది. టెక్సాస్ వాళ్ళు మాంసానికి పెట్టే పొగల్లో పేరుమోసిన కట్టె అట. నాకున్న పాత అలవాటు కొద్దీ ఆ చెట్టు పుట్టుపూర్వోత్తరాలు వెతికితే, అది మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమని తేలింది. వంటచెరకు కొరత తీరుతుందని 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించిన చెట్టు ఈ సర్కారు తుమ్మ. తరువాత అది ఎవరూ నాటకుండానే చెరువుగట్లనూ బంజర్లనూ ఆక్రమించింది. అంటే, మేకలు కూడా ఆకు ముట్టని మన ముళ్ళకంపకు అమెరికా పెదనాన్న బిడ్డను మావాడు సముద్రాలు దాటించి, డబ్బు పోసి నాకు తెచ్చిపెట్టాడన్నమాట. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నవ్వుకున్నాను గానీ, ఆ సంచి విప్పి వాసన చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది టెక్సాస్ కాదు, మా ఊరి వంటిల్లు.

మాది ఇప్పుడు లేని ఊరు. సముద్రానికి దాపున ఇసుక నేలల్లో తాటిచెట్లూ జీడితోటలూ సరుగుడు తోపులూ ఉండే ఊళ్ళలో ఒకటి. మా వంటిల్లు తాటాకు పాక. పొయ్యికి సరిగ్గా పైన, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, వెదురు గడలతో కట్టిన అటక ఉండేది. ఆ ఇంట్లో చెడిపోకూడని వస్తువులన్నిటికీ అదే నెలవు. విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు, బూడిదలో కలిపి మూటకట్టిన ఆనప గింజలు, చింతపండు బుట్ట, ఎండు నెత్తళ్ళు, ఎండు కవళ్ళు అన్నీ ఆ అటక మీదే. పొద్దునా సాయంత్రమూ పొయ్యి రాజుకుంటే చాలు, వాటన్నిటికీ పొగ తగిలేది. పురుగు చేరేది కాదు, బూజు పట్టేది కాదు. పొగ పట్టించడం ఒక వంట పద్ధతి అని ఎవరూ అనుకోలేదు. పొయ్యి ఉన్న ఇంట్లో పొగ ఉంటుంది, ఉన్న పొగను వృథా పోనివ్వకూడదు, అంతే.

కనుమకు ఊళ్ళో పోతును కోసి వాటాలు వేసేవారు. రెండు పూటలకు సరిపడా వండుకోగా మిగిలిన మాంసాన్ని అమ్మ వేలెడు వెడల్పున పొడుగాటి పేలికలుగా కోసేది. ఉప్పు, పసుపు పట్టించి, ఒక రాత్రి కుండలో ఉంచి, మర్నాడు తాటినారకు గుచ్చి దండలు కట్టేది. పగలు ఎండలో దండెం మీద, రాత్రి పొయ్యి మీద అటకకు. పగటిపూట కాకులను తోలడం నా ఉద్యోగం. నాలుగైదు రోజులకు ఎర్రటి మాంసం నల్లబడి, కట్టెలాగా బిగిసి, వంచితే విరిగేది. ఉప్పు నీటిని లాగుతుంది, ఎండ ఆరబెడుతుంది, పొగలోని ఫినాళ్ళనే పదార్థాలు సూక్ష్మజీవులనూ కొవ్వు ముక్కిపోవడాన్నీ అడ్డుకుంటాయి, ఈగ వాలదు. ఈ శాస్త్రమంతా నేను తరువాతెప్పుడో చదువుకున్నాను. అమ్మకు తెలిసినది మాత్రం ఒక్కటే. "పచ్చి కట్టి పెట్టకూడదురా, మాంసం సేదైపోద్ది" అనేది. ఆ ఒక్క మాట నేను మరచిపోయినందుకు యాభై ఏళ్ళ తరువాత ఫలితం అనుభవించాను. అది ముందు చెబుతాను.

వానాకాలంలో, వేటకు పడవలు దిగని రోజుల్లో, ఆ పేలికలు నాలుగు తీసి వేణ్ణీళ్ళలో నానబెట్టి, రోకలితో నలిపి, గోంగూరతో వండేది. నాలుగు పేలికలకు ఆరుగురం తినేవాళ్ళం. మాంసం లెక్కకు ఉన్నట్టే గానీ, పొగ రుచి మాత్రం కూరంతటికీ సరిపోయేది.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో రాష్ట్రమంతా ఊగిపోయినప్పుడు నేను నాలుగేళ్ళవాణ్ణి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తరువాత కొన్నేళ్ళకు మా ఊరు సేకరణలో పోయింది. పునరావాస కాలనీలో స్థలమిచ్చారు. నిర్వాసితుల కోటాలో నాన్నకు ఉద్యోగం వచ్చింది, తరువాత పరీక్ష రాసి నాకూ వచ్చింది. ఊరు పోయిందని ఏడ్చినవాళ్ళమూ మేమే, జీతం వచ్చిన రోజున నవ్వినవాళ్ళమూ మేమే. దాన్ని గురించి వేరుగా ఎప్పుడైనా రాస్తాను.

కాలనీలో రేకుల ఇల్లు కట్టుకున్నాం. పక్కన చిన్న వసారా దింపుకుని అమ్మ అక్కడా కట్టెలపొయ్యి మీదే వండేది. వెదురు అటక మాత్రం రాలేదు. నేను ఉద్యోగంలో కుదురుకున్నాక 1991లో గ్యాసు పొయ్యి తెచ్చాను. మొదట్లో దానికి భయపడి దూరంగా నిలబడేది, తరువాత అలవాటు పడింది. పొయ్యితోపాటు పొగా పోయింది, ఆ రుచీ పోయింది. ఇంట్లో ఫ్రిజ్ వచ్చాక మాంసం ఎండబెట్టే అవసరం కూడా పోయింది.

ఇక నా ప్రయోగం సంగతి. మావాడు వెళ్ళిపోయిన వారానికి కుమ్మరి దగ్గర పెద్ద గూన ఒకటి కొన్నాను. అడుగున గాలికి చిన్న రంధ్రం, లోపల బొగ్గు నిప్పులు, మధ్యలో ఇనుప జల్లెడ, దానిమీద కోడి, పైన రంధ్రమున్న మట్టి మూకుడు. ఎవరో ఎక్కడో చెప్పారని చెక్కముక్కలను గంటసేపు నీళ్ళలో నానబెట్టి నిప్పుల మీద గుప్పించాను. తెల్లటి పొగ దట్టంగా లేచింది. నా సంబరం ఇంతా అంతా కాదు. పక్కింటివాళ్ళు మేడ మీదికి వచ్చి చూశారు. మూడు గంటల తరువాత తీసిన కోడి చూడడానికి బంగారంలా ఉంది. మా ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుంది. నేనూ తిన్నాను. తారు డబ్బాలో ముంచి తీసినట్టుంది. కాకులకు వేస్తే అవీ తినలేదు.

సిగ్గుపడవలసిన విషయమేమిటంటే, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినది కోక్ ఓవెన్లలో. ఏడు మీటర్ల ఎత్తున్న ఇటుక గదుల్లో బొగ్గును నింపి, తలుపులు బిగించి, గాలి తగలకుండా, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి మగ్గించడం అక్కడి పని. గాలి లేనిచోట వేడెక్కిన బొగ్గు మండదు, విడిపోతుంది. వాయువు ఒక దారిన, తారు ఒక దారిన పోగా గట్టి కోక్ మిగులుతుంది. కట్టె విషయంలోనూ జరిగేది ఇదే, వేడి తక్కువ అంతే. సుమారు మూడు వందల డిగ్రీలు దాటాక లిగ్నిన్ విరిగి గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచి మొదటిది, పొగ వాసన రెండవది. గాలి చాలక, తడి ఎక్కువై, నిప్పు చల్లబడితే ఆ సన్నని రుచికి బదులు కాలని తారు తుంపరలే మాంసం మీద పేరుకుంటాయి. దట్టమైన తెల్లపొగ అంటే అదే. నానబెట్టిన చెక్క ముందు ఆవిరి కక్కుతుంది, నిప్పును ఆర్పుతుంది, ఆ తరువాతగానీ పొగ ఇవ్వదు. నేను చేసినది కోడిని కాల్చడం కాదు, దానిమీద తారు పూయడం. పచ్చికట్టె పెట్టకూడదన్న అమ్మ మాటకు అర్థం ఇదేనని ఇంజనీరింగు డిప్లొమా ఉన్న నాకు కోడి పాడయ్యాక తట్టింది.

మంచి పొగ కనబడీ కనబడకుండా, లేత నీలంగా, సన్నగా లేవాలి. దానికి బాగా ఆరిన కట్టె, చిన్నదైనా వేడిగా ఉన్న నిప్పు, ధారాళంగా గాలి కావాలి. ఆరిన కట్టె అనగానే మా పెరటి గోడవారనున్న జామకట్టెలు గుర్తొచ్చాయి.

ఆ జామచెట్టు నాన్న నాటినది. కాలనీకి వచ్చిన ఏడాదే ఎక్కణ్ణుంచో అంటు తెచ్చి పెట్టాడు. లోపల గులాబిరంగు కాయలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజున, మధ్యాహ్నం గాలి దిశ మారినప్పుడు అది వేళ్ళతో సహా ఒరిగిపోయింది. నాన్న అప్పటికి రెండేళ్ళ కిందటే పోయాడు. ఊరంతా కూలిన చెట్లే, కోసేవాడు దొరకడమే కష్టం. చివరికి నేనే రంపంతో ముక్కలు కోసి, పారేయడానికి మనసొప్పక, రేకు కింద పేర్చాను. వాన తగలకుండా పదేళ్ళు ఆరిన కట్టె అది. గట్టిది, జిగురు లేనిది. హవాయి దీవుల్లో మాంసానికి జామకట్టె పొగే పెడతారని తరువాత చదివాను. చేతిలో ఇది పెట్టుకుని నేను టెక్సాస్ ముళ్ళకంప నానబెట్టాను!

రెండవసారి జాగ్రత్తపడ్డాను. లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు, కొంచెం బెల్లం వేసి ఆ నీళ్ళలో కోడిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున తీసి తుడిచి, చర్మం ఆరి వేలికి కొంచెం అంటుకునేదాకా గాలికి పెట్టాను. తడి చర్మానికి పొగ సరిగా పట్టదు. గూనలో వేడి 110, 120 డిగ్రీల మధ్య నిలిచేలా మూకుడు రంధ్రం మీద పెంకు జరుపుతూ కూర్చున్నాను. అరగంటకొక జామముక్క, వేలి కణుపంతది. మూడు గంటలకు లోపలి వేడి 74 డిగ్రీలు చేరింది. కోడికి అది దాటితేనే భయం లేదు. ఈసారి మా ఆవిడ రెండో ముక్క అడిగింది. ఇంతకన్న బిరుదు నాకు ఉద్యోగంలో రాలేదు.

ఆ సంబరంలో నేను గాలి సంగతి చూసుకోలేదు. పొద్దున గూన వెలిగించినప్పుడు పొగ వీధి వైపు పోతున్నది. పదకొండు దాటాక సముద్రం గాలి తిరిగింది. తీరంలో పుట్టి పెరిగినవాడికి ఇది చెప్పవలసిన పని లేదు, అయినా నా కళ్ళు వేడి చూపే ముల్లు మీదే ఉన్నాయి. పొగ అంతా అమ్మ గది కిటికీలోకి పోయింది. మధ్యలో ఒకసారి చేతికర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. "ఏట్రా ఇది? మనూరి వంటింటి వాసనేస్తంది" అని కాసేపు నిలబడి, నవ్వి, వెళ్ళి పడుకుంది. అమ్మ నవ్వింది కదా అని నేను మరింత పొంగిపోయాను.

రాత్రి రెండు గంటలకు మా ఆవిడ లేపింది. అమ్మ మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి కోసం పెనుగులాడుతున్నది. మెడ దగ్గర నరాలు లోపలికి పీల్చుకుపోతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రికి చేర్చేదాకా దారిలో నేను ఏమేమి అనుకున్నానో ఇక్కడ రాయలేను. ప్రాణవాయువు పెట్టి, మందు ఆవిరి పట్టించాక తెల్లవారుజామున కుదుటపడింది.

అమ్మకు ఆయాసం చాలా ఏళ్ళుగా ఉన్నదే. ఉబ్బసమనీ, వయసనీ, చలిగాలి అనీ సర్దిచెప్పుకునేవాళ్ళం. రెండు రోజుల తరువాత గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేసి, డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పెద్దావిడకు అడ్డపొగ అలవాటుందా?" మా వైపు కాని మిత్రులకు తెలియకపోవచ్చు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకు ఎక్కువగా ఉండిన అలవాటు. దానివల్ల అంగిలికి వచ్చే జబ్బుల మీద విశాఖ వైద్యులు ఎన్నో ఏళ్ళు పరిశోధనలు చేశారు. మా నానమ్మకు ఉండేది, అమ్మకు లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి రెండవ ప్రశ్న వేశారు. "కట్టెలపొయ్యి మీద ఎన్నేళ్ళు వండారు?"

నేను లెక్కపెట్టాను. చిన్నప్పుడు పుట్టింట్లో వాళ్ళమ్మ పక్కన ఊదుగొట్టం పట్టుకున్న నాటి నుంచి 1991 దాకా. నలభై ఏళ్ళ పైమాటే. రోజుకు నాలుగైదు గంటలు, కిటికీ లేని పాకలో.

సీఓపీడీ అన్నారు. పొగతాగేవారి జబ్బు అని మనం అనుకునేది. జీవితంలో ఒక్క చుట్ట వెలిగించని మనిషికి పొయ్యి దాన్ని తెచ్చిపెట్టింది. ఇళ్ళలోని పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్క నేను చదివిన రాత్రి నాకు మా వెదురు అటక గుర్తొచ్చింది. పొయ్యి మీద ఆరడుగుల ఎత్తున వేలాడిన మాంసానికి పొగ పట్టింది, పురుగు పట్టకుండా నిలిచింది. ఆ పొగ దారిలోనే, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న అమ్మ తల ఉండేది. మాంసాన్ని నాలుగైదు రోజులకు దించేవారు. అమ్మను ఎవరూ దించలేదు.

కోక్ ఓవెన్లలో తలుపు సందులోంచి సన్నగా పొగ కనబడినా మాకు తలవంపు. ఏ తలుపు ఎక్కడ కారుతున్నదో రాసుకునే పుస్తకం ఉండేది. మాకు ముసుగులుండేవి, గ్యాసు పసిగట్టే పరికరాలుండేవి, నియమం ప్రకారం ఛాతీ పరీక్షలుండేవి. అమ్మకు ముసుగంటే చీరకొంగు. నేను షిఫ్టు ముగించుకుని వచ్చి, మా దగ్గర పొగ లేకుండా ఎంత పకడ్బందీగా చేస్తామో భోజనాల దగ్గర గొప్పగా చెబుతుంటే, ఆమె వసారాలో పొయ్యి ఊదుతూ వింటూ ఉండేది. గ్యాసు తేవడానికి నాకు మూడేళ్ళు ఎందుకు పట్టిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా జవాబు దొరకడం లేదు. డబ్బు లేక మాత్రం కాదు. ముందు స్కూటరు కొన్నాను.

గూనను మెట్ల కింద బోర్లించాను. మిగిలిన మెస్కీట్ సంచి ఎవరికో ఇచ్చేశాను. ఇంట్లో అగరువత్తి కూడా మానేశాం.

పోయిన సంక్రాంతికి వారం ముందు అమ్మ నన్ను పిలిచి కూర్చోమంది. అసలు విషయానికి రావడానికి ఆమెకు ఎప్పుడూ కొంచెం సమయం పడుతుంది. చెల్లెలి సంగతులు, మనవడి సంగతులు అయ్యాక, "కనుమకి మాంసం తెస్తావేట్రా?" అంది. తెస్తానన్నాను. "నాలుగు పేలికలు పొగకి ఎయ్యవా? గోంగూరలో తినాలనుంది" అంది. నేను మాట్లాడలేదు. నా మొహం చూసి తానే అంది. "నాకు పొగొద్దు నాయనా. మాంసం కావాల."

మా బావకు సబ్బవరం దాటాక మామిడితోట ఉంది. ఫోను చేసి సంగతి చెప్పాను. "దానికంత ఆలోచనేటి బావా, వచ్చేయ్" అన్నాడు. కనుమ నాడు చీకటితో లేచి, మాంసం కొనుక్కుని, గూన, జామకట్టెలు కారులో వేసుకుని వెళ్ళాను. పేలికలు కోసే పని ఇంట్లోనే అమ్మ దగ్గరుండి చేయించింది. నరం వెంబడి పొడుగ్గా కోయాలట, అడ్డంగా కోస్తే ఎండాక పొడి అయిపోతుందట. ఉప్పు చేత్తో చూసి చెప్పింది.

తోటలో మనుషులెవరూ లేనివైపు, గాలికి దిగువన గూన పెట్టాం. చెట్ల పూత మీద పడకుండా అడ్డం చూసుకున్నాం. ముందు వేడి కొంచెం పెంచి పేలికల లోపలి వేడి 71 డిగ్రీలు దాటించాను, తరువాత తగ్గించి ఆరబెట్టాను. పచ్చిమాంసాన్ని ఊరికే గోరువెచ్చటి పొగలో వేలాడదీయడం ఈ రోజుల్లో నేను ఎవరికీ సలహా ఇవ్వను. అమ్మ పద్ధతిలో మనం తట్టుకోలేనంత ఉప్పు ఉండేది, నాలుగు రోజుల ఎండ ఉండేది. ఆరు గంటలు పట్టింది. నేను పొగకు ఎగువన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గాలి తిరిగితే కుర్చీ తిప్పుకున్నాను. కుర్చీ తిప్పుకునే వీలు అమ్మకు ఒక్కనాడూ లేకపోయిందని అనిపించి, ఆ ఆరు గంటలూ బావతో సరిగా మాట్లాడలేకపోయాను. ఇంటికి వచ్చాక పెరట్లోనే స్నానం చేసి, బట్టలు బయట వదిలి, డబ్బా మూత పెట్టి లోపలికి తెచ్చాను.

మర్నాడు మా ఆవిడ వండింది. అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని, వేణ్ణీళ్ళు, రోకలి, గోంగూర ఎప్పుడు వేయాలి అన్నీ చెప్పింది. అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద తిని చాలాసేపు నమిలింది. ఆమెకు పళ్ళు తక్కువ. నేను అడగలేక అడిగాను, "ఎలా ఉందే?"

"బాగుంది" అంది. రెండో ముద్ద తిన్నాక, "మనూర్ది ఇంకా సేదుండేది. అప్పుడు నా కళ్ళమ్మట నీళ్ళు కారతా వండేదాన్ని, మీరు బాగుందని తినేవోరు. ఇది నేను కూసోని తింటన్నాను" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నట్టు చెప్పింది. నాకు ముద్ద దిగలేదు. అమ్మ మాత్రం ఆ పూట మామూలుకన్న కొంచెం ఎక్కువే తిన్నది, రాత్రి సుఖంగా నిద్రపోయింది. నేను రెండుసార్లు లేచి చూశాను.

పొగబెట్టిన మాంసం మంచిదా అని మిత్రులు అడగవచ్చు. రోజూ తినదగినది కాదు. పొగలో బెంజోపైరీన్ వంటి కాన్సరు కారకాలుంటాయి. ఇలా నిలవకోసం మార్చిన మాంసాలను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా విభాగం కాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. ఎనభై మూడేళ్ళ అమ్మ ఏడాదికొకసారి తినే నాలుగు పేలికల గురించి నాకు బెంగ లేదు. సరదాపడి పెరట్లో గూన వెలిగించదలచిన మిత్రులకు మాత్రం ఒక్క మనవి. కట్టె ఏది, వేడి ఎంత అన్నవి తరువాత చూసుకోవచ్చు. ముందు గాలి ఎటు వీస్తున్నదో, ఆ వైపు కిటికీ వెనుక ఎవరు పడుకున్నారో చూసుకోండి.

జామకట్టెలు గోడవారన ఇంకా నాలుగున్నాయి. ఏడాదికి ఒకటి సరిపోతుంది. ఆ లెక్క ఒకసారి వేసి, మళ్ళీ వేయకూడదనుకున్నాను. చెట్టున్న చోట కొత్త అంటు నాటాను, కాయల కోసమే.

మీ ఇళ్ళలో పొయ్యి మీద ఇలాంటి అటక ఉండేదా? దానికి మీ వైపు ఏమని పేరు? దానిమీద ఏమేమి దాచేవారు? ఆ పొయ్యి ముందు కూర్చున్న పెద్దలు ఇంకా ఉంటే, ఎన్నేళ్ళు వండారో ఒకసారి అడిగి చూడండి. వీలైతే ఊపిరి పరీక్ష కూడా చేయించండి.